స్థానమే ఛేదం: దశాంశ భిన్నాలను సామాన్య భిన్నాలుగా మార్చే పద్ధతి

సామాన్య భిన్నంలో రెండు సంఖ్యలుంటాయి. పైనున్నది అంశ, క్రిందనున్నది ఛేదం. నేటి పాఠ్యపుస్తకాలు వీనిని లవమనీ, హారమనీ వ్యవహరిస్తున్నవి. దశాంశ భిన్నంలో మాత్రం కంటికి కనబడేది ఒక్క అంకెల వరుసయే. 3/8 అన్నచోట ఛేదమైన ఎనిమిది స్పష్టంగా ఉన్నది. దానినే 0.375 అని వ్రాసినపుడు ఛేదం ఎక్కడికి పోయినది? ఎక్కడికీ పోలేదు, అంకెలు నిలిచిన స్థానాలలోనే ఉన్నది. కాబట్టి దశాంశాన్ని భిన్నంగా మార్చటం క్రొత్త గణనమేమీ కాదు, స్థానం సూచిస్తున్న ఛేదాన్ని బయటకు వ్రాయటమే.

ప్రాథమిక తరగతులలో నేర్పే ఈ విషయానికి ప్రత్యేక పరిశీలన ఎందుకన్న సందేహం కలుగవచ్చు. ఆర్యభటీయం, లీలావతి వంటి గ్రంథాలను బోధించేవారు, వానికి తెలుగులో వ్యాఖ్య వ్రాసేవారు మూలంలోని భిన్నాలను దశాంశాలుగా చూపటం, ఆ దశాంశాలను విద్యార్థి మళ్లీ భిన్నాలుగా మార్చుకోవటం తప్పనిసరి అవుతున్నది. ఈ రాకపోకలలో మూలకర్త చెప్పిన సంఖ్యయే మారిపోయే ప్రమాదం ఉన్నది. అది ఎక్కడ మారుతుంది, ఎక్కడ మారదు అన్నది తెలియాలంటే స్థానానికీ ఛేదానికీ గల సంబంధాన్ని మొదటినుంచీ చూడవలసి ఉన్నది.

క్రీ.శ. 499 నాటి ఆర్యభటుడు గణితపాదంలోని రెండవ శ్లోకంలో ఏకం మొదలు వృందం వరకు పది స్థానాలను పేర్కొని, ఒక స్థానంకంటె దాని తరువాతి స్థానం పదింతలని చెప్పినాడు. మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో 24 స్థానాలను, క్రీ.శ. 1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో పరార్ధం వరకు 18 స్థానాలను చెప్పినారు. ఈ పట్టికలన్నీ ఏకస్థానం నుంచి ఎడమకే సాగినవి. ఏకస్థానానికి కుడివైపున ఏమున్నదన్న ప్రశ్న వానిలో రాలేదు. అయినా సూత్రం అక్కడికీ చెల్లుతుంది. ఎడమకు జరిగినకొద్దీ పదింతలైతే, కుడికి జరిగినకొద్దీ పదవ వంతు కావలసిందే. ఏకస్థానానికి కుడివైపున మొదటిది దశాంశ స్థానం, రెండవది శతాంశ స్థానం, మూడవది సహస్రాంశ స్థానం. బిందువు చేసే పని ఏకస్థానం ఇక్కడ ముగిసినదని చెప్పటం మాత్రమే.

0.375 అన్నపుడు మూడు దశాంశాలు, ఏడు శతాంశాలు, ఐదు సహస్రాంశాలు ఉన్నవి. అనగా 3/10, 7/100, 5/1000 అను మూడు భిన్నాల మొత్తం. వీనిని కూడటానికి సమచ్ఛేదం కావాలి. మహావీరుడు నిరుద్ధమన్న పేరుతో చెప్పినది నేటి కనిష్ఠ సామాన్య గుణిజమే. 10, 100, 1000లకు నిరుద్ధం 1000. దశాంశాలలోని సౌలభ్యమంతా ఇక్కడే ఉన్నది. ప్రతి స్థానపు ఛేదమూ తరువాతి స్థానపు ఛేదాన్ని నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి చివరి స్థానపు ఛేదమే అన్నిటికీ నిరుద్ధమవుతుంది. వేరుగా వెదుకవలసిన పని లేదు. 300/1000, 70/1000, 5/1000 కలిసి 375/1000. పై క్రిందులను 125 చేత అపవర్తిస్తే 3/8. చివరి అంకె ఏ స్థానంలో ఉన్నదో ఆ స్థానం పేరే ఛేదమని పాఠశాలలో చెప్పే సూత్రానికి కారణం ఇదే. కారణం చెప్పకుండా, బిందువు తరువాత ఎన్ని అంకెలుంటే ఒకటి ప్రక్కన అన్ని సున్నలు పెట్టవలెనని మాత్రం చెబితే విద్యార్థి లెక్క చేయగలడు గాని, చేసినదేమిటో ఎరుగడు.

విద్యార్థులు 0.3 కంటె 0.25 పెద్దదనుకొనటం ఉపాధ్యాయులందరికీ అనుభవంలో ఉన్న పొరపాటే. దీనికి మూలం చదివే తీరులో ఉన్నది. సున్న పాయింటు ఇరవైఐదు, సున్న పాయింటు మూడు అని చదివినపుడు చెవికి వినబడేవి ఇరవైఐదు, మూడు అను పూర్ణాంకాలే, ఛేదం వినబడదు. నూరింట ఇరవైఐదు, పదింట మూడు అన్నది తెలుగు పలుకుబడి. ఇందులో ఛేదమే ముందు వినబడుతుంది. పదింట మూడు నూరింట ముప్పయి అని ఎవరైనా వెంటనే చెప్పగలరు. తెలుగులో సహజంగా ఉన్న ఈ ప్రయోగాన్ని విడిచి పాయింటును పట్టుకొనటం వల్ల బోధనకు కలిగిన లాభమేమీ కనబడదు.

పూర్ణాంకంతో కూడిన దశాంశానికి ప్రాచీనుల పరిభాషలో ఒక పేరున్నది. పూర్ణరాశికి భిన్నం చేరితే అది భాగానుబంధం. పూర్ణరాశిని ఛేదంతో గుణించి అంశను కలుపవలెనని దానికి సూత్రం. మహావీరుని గ్రంథాన్ని తెలుగు పద్యాలలో అవతరింపజేసిన పావులూరి మల్లన కాలం నుంచి ఈ గణిత సంప్రదాయం తెలుగువారికి స్వభాషలోనే అందుబాటులో ఉన్నది. 3.1416 అన్నది ఈ దృష్టితో 3, 1416/10000ల అనుబంధం. మూడును పదివేలతో గుణించి 1416 కలిపితే 31416/10000. ఈ సంఖ్య లీలావతిని చదివినవారికి క్రొత్తది కాదు. వృత్తపరిధికి భాస్కరుడు రెండు మానాలను చెప్పినాడు. వ్యాసాన్ని 22 చేత గుణించి 7 చేత భాగిస్తే వచ్చేది స్థూలం. 3927 చేత గుణించి 1250 చేత భాగిస్తే వచ్చేది సూక్ష్మం. 31416/10000ను ఎనిమిది చేత అపవర్తిస్తే వచ్చేది సరిగా 3927/1250యే.

ఎనిమిది చేత అపవర్తించవలెనని తెలిసేదెట్లు? కుట్టక ప్రకరణంలో దీనికి విధానమున్నది. రెండు రాశులను పరస్పరం భాగిస్తూ పోగా చివరకు మిగిలేదే వాని అపవర్తనాంకం. 31416ను 10000 చేత భాగిస్తే లబ్ధం 3, శేషం 1416. 10000ను 1416 చేత భాగిస్తే లబ్ధం 7, శేషం 88. 1416ను 88 చేత భాగిస్తే లబ్ధం 16, శేషం 8. 88ని 8 చేత భాగిస్తే లబ్ధం 11, శేషం లేదు. అపవర్తనాంకం 8. దశాంశాలకు ఇంత శ్రమ అక్కరలేదు. పది, నూరు, వేయి మొదలైన ఛేదాలలో రెండు, ఐదు తప్ప వేరు గుణకం ఉండదు కాబట్టి ఈ రెండింటితో భాగించి చూస్తే చాలును. అయినా దీర్ఘమార్గంలో నడచినవారికి మరొక ఫలం దక్కుతుంది. లబ్ధాల వల్లి 3, 7, 16, 11. మొదటి రెండు లబ్ధాలతో ఆగితే మూడూ ఏడవ వంతు, అనగా 22/7. మూడవదానిని కూడ గ్రహిస్తే 355/113. నాలుగింటినీ గ్రహిస్తే 3927/1250. భాస్కరుని స్థూలమానమూ సూక్ష్మమానమూ ఒకే వల్లిలో ముందు వెనుకలుగా కనబడుతున్నవి. భాస్కరుడు ఈ దారినే వచ్చినాడని దీనిని బట్టి చెప్పరాదు. ఆ రెండు మానాలకూ గల అంతస్సంబంధం మాత్రం ఇందువల్ల స్పష్టమవుతున్నది.

ఆర్యభటుడు చెప్పిన రూపం వేరు. నూట నాలుగును ఎనిమిది చేత గుణించి అరువదిరెండువేలు కలిపితే వచ్చే 62832, రెండు అయుతాల వ్యాసం గల వృత్తానికి ఆసన్న పరిధి అని ఆయన నిర్దేశం. 62832/20000ను పదహారు చేత అపవర్తిస్తే మళ్లీ 3927/1250. మూడు రూపాలకూ విలువ ఒక్కటే: 62832/20000, 31416/10000, 3927/1250. అయినా మూడూ చెప్పే విషయం ఒక్కటి కాదు. ఇరువదివేల వ్యాసాన్ని తీసికొని పరిధిని పూర్ణాంకంగా చెప్పి దానిని ఆసన్నమన్నపుడు, ఒక్క ప్రమాణానికి లోబడిన భేదం ఉండవచ్చునన్న సూచన ఆ రూపంలోనే ఉన్నది. 3.1416 అన్నపుడు పదివేలవ వంతు వరకు చూచినారన్న సంగతిని నాలుగు స్థానాలు చెబుతున్నవి. 3927/1250లో ఈ వార్త కనబడదు. అపవర్తనం విలువను కాపాడుతుంది గాని, ఆ విలువ ఎంత సూక్ష్మంగా గ్రహింపబడినదన్న సాక్ష్యాన్ని చెరిపివేస్తుంది. 0.5, 0.50 రెండూ భిన్నంగా మారితే 1/2 కావటం ఇటువంటిదే. కాబట్టి ఆర్యభటీయ వ్యాఖ్యలో అపవర్తించిన రూపాన్ని మాత్రమే చూపటం, లీలావతి వ్యాఖ్యలో 62832/20000ను భాస్కరుని మాటగా చూపటం రెండూ తగనివే.

22/7 విషయంలో చిక్కు ఇంతకంటె పెద్దది. ఛేదం ఏడు, పది యొక్క ఏ ఘాతాన్నీ ఏడు నిశ్శేషంగా భాగించదు. అందువల్ల ఈ భిన్నం ఎన్ని దశాంశ స్థానాలకైనా ముగియదు. సౌలభ్యం కోసం 3.14 అని వ్యాఖ్యలో వ్రాస్తే, స్థానవిధి ననుసరించి విద్యార్థి దానిని 314/100గా, ఆపైన 157/50గా మారుస్తాడు. అతని లెక్కలో తప్పు లేదు. కాని 157/50 భాస్కరుడు చెప్పిన మానం కాదు. 22/7, 157/50ల భేదం 1/350. వ్యాసం 350 మూరలైన వృత్తానికి పరిధిలో ఒక మూర తగ్గిపోయినదన్నమాట. మూలంలో భిన్నమున్నచోట భిన్నాన్నే ముద్రించి, దశాంశాన్ని ప్రక్కన చూపవలెననుకొంటే అది ముగిసినదో ముగియనిదో చెప్పటం పరిష్కర్త బాధ్యత.

దశాంశ భిన్నాలు కూడ భారతీయులవేనన్న మాట అప్పుడప్పుడు వినబడుతుంటుంది. స్థానమూల్య పద్ధతి ఇక్కడిది. బిందువుకు కుడివైపు అంకెలను వ్రాసే ఆచారం మాత్రం మన ప్రాచీన గణిత గ్రంథాలలో లేదు. క్రీ.శ. 952లో డమాస్కస్‌లో అల్ ఉక్లీదిసీ, 15వ శతాబ్దిలో సమర్ఖండ్‌లో అల్ కాషీ దశాంశ భిన్నాలను వాడినారు. 1585లో సైమన్ స్టెవిన్ వ్రాసిన చిన్న పుస్తకంతో ఐరోపాలో అవి వ్యాప్తిలోకి వచ్చినవి. మనవారికి లేనిదానిని ఆరోపించటంకంటె, ఉన్నదానిని సరిగా చూపటమే గౌరవం. ఆ ఉన్నదేమిటో లీలావతిలోని ఒక ఉదాహరణ చెబుతుంది.

భుజం మూడుంబాతిక, కోటి మూడుంబాతిక, కర్ణమెంత? 13/4 యొక్క వర్గం 169/16. రెండు వర్గాల మొత్తం 169/8. దీనికి నిశ్శేషమైన మూలం లేదు. ఇటువంటి చోట ఛేదాంశల ఘాతాన్ని ఒక పెద్ద వర్గసంఖ్యతో గుణించి, ఆసన్నమూలం తీసి, ఛేదాన్ని గుణకమూలంతో గుణించగా వచ్చినదానిచేత భాగించవలెనని భాస్కరుని విధి. 169, 8ల ఘాతం 1352. దానిని అయుతంతో గుణిస్తే 13520000. ఆసన్నమూలం 3677. అయుతపు మూలం 100. దానితో ఛేదమైన 8ని గుణిస్తే 800. కర్ణం 3677/800, అనగా 4, 477/800. నాలుగు సున్నలు చేర్చి మూలం తీయటం నేడు రెండు దశాంశ స్థానాల వరకు మూలం తీయటానికి చేసే పనియే. అయితే భాస్కరుడు ఆ నూరును స్థానంగా నిలుపలేదు. ఎనిమిదితో కలిపి ఛేదంగా వ్రాసినాడు. అదే ఫలాన్ని దశాంశంగా వ్రాస్తే 4.59625. స్థానవిధితో వెనుకకు నడిస్తే 59625/100000. 125 చేత అపవర్తిస్తే 477/800. ఎనిమిదీ నూరూ రెండు, ఐదుల గుణితాలే కావటం వల్ల ఇక్కడ ఏమీ జారిపోలేదు.

బిందువును చూడగానే దశాంశమనుకొనటం కూడ ప్రమాదమే. సిద్ధాంత గ్రంథాలలో భాగ, కలా, వికలలు, పంచాంగంలో ఘడియ, విఘడియలు షష్టిగుణ స్థానాలు. ఒక తిథి 12 ఘడియల 45 విఘడియల వరకున్నదనగా 12, 45/60, అపవర్తించగా పన్నెండూ ముప్పాతిక ఘడియలు. దానినే 12.45 అని వ్రాసి యంత్రంలో ఎక్కిస్తే యంత్రం దానిని 12, 45/100గా గ్రహిస్తుంది. అది 12, 9/20. భేదం 3/10 ఘడియ, అనగా 18 విఘడియలు. నేటి మానంలో 7 నిమిషాల 12 సెకనులు. అంకెలు అవే, స్థానాల ఛేదాలు వేరు. ఏ గుణోత్తరం మీద స్థానాలు నిలిచినవో తెలియకుండా భిన్నంగా మార్చటం సాధ్యం కాదు.

తెలుగువారి లెక్కలలో మూడవ గుణోత్తరం ఒకటున్నది. పాతిక 1/4, వీసం 1/16, కాని 1/64. ఇది చతుర్గుణ క్రమం. వ్రాతలో పాతికలకు నిలువుగీతలు, వీసాలకు అడ్డగీతలు, కానులకు మళ్లీ నిలువుగీతలు. ప్రతి స్థానంలోనూ ఒకటి, రెండు లేక మూడు గీతలు. బిందువు అవసరమే లేదు. గీత నిలిచిన దిశయే స్థానాన్ని పట్టిస్తుంది. నిలువు స్థానం ఖాళీ అయితే వ్రాసే గుర్తుకు హళ్లి అని పేరు. అడ్డ స్థానంలో మామూలు సున్న. హళ్లికి హళ్లి, సున్నకు సున్న అను నానుడిలో రెండు శూన్యాలు వేరువేరుగా చెప్పబడటానికి ఈ వ్రాతయే మూలం కావచ్చును. ఈ గుర్తులకు 2008లో యూనికోడ్ పట్టికలో తెలుగు లిపి క్రింద స్థానం లభించినది కాబట్టి పాత కవిలెలను పరిష్కరించేవారు వానిని యథాతథంగా ముద్రించవచ్చును.

0.8125ను ఈ వ్రాతలోకి తేవలెనన్నా దారి స్థానవిధియే. 8125/10000, 625 చేత అపవర్తిస్తే 13/16. పన్నెండు వీసాలు ముప్పాతిక, మిగిలినది ఒక వీసం: ౻౼. నాలుగు దశాంశ స్థానాలు పట్టిన సంఖ్య రెండు స్థానాలలో ఇమిడినది. దీనికి విపర్యయంగా 0.2, అనగా 1/5, చతుర్గుణ క్రమంలో ఎన్ని స్థానాలకైనా ముగియదు. ఏ భిన్నం ముగుస్తుందన్నది భిన్నం యొక్క గుణం కాదు, ఛేదానికీ గుణోత్తరానికీ గల పొత్తు. 1957 ఏప్రిల్ 1న రూపాయి నూరు నయాపైసలైనపుడు దేశమంతా ఎదుర్కొన్న చిక్కు ఇదే. అణా రూపాయిలో వీసం, 0.0625. నూరింటిలో అది ఆరుంబాతిక నయాపైసలు; పాతిక నయాపైస లేదు గనుక ఆరుగా లెక్కగట్టినారు. ఆరు నయాపైసలు 3/50 రూపాయి. అణాకూ దానికీ భేదం 1/400 రూపాయి. నాలుగణాలు, ఎనిమిదణాలు, పన్నెండణాలు మాత్రం 25, 50, 75గా చెక్కుచెదరకుండా మారినవి.

ముగియని దశాంశాలను భిన్నంగా మార్చటానికి చివరి స్థానమన్నది లేదు కాబట్టి ఇంతవరకు చెప్పిన విధి చాలదు. ఇక్కడ నీలకంఠ సోమయాజి ఆర్యభటీయభాష్యంలో చూపిన యుక్తి ఉపకరిస్తుంది. నాలుగవ వంతు, అందులో నాలుగవ వంతు, మళ్లీ అందులో నాలుగవ వంతు, ఇట్లు అంతులేకుండా కలిపితే మొత్తం మూడవ వంతు అవుతుందని ఆయన నిరూపించినాడు. 1/3 అనగా 1/4, 1/12ల మొత్తం. ఆ 1/12 మళ్లీ 1/16, 1/48ల మొత్తం. ఆ 1/48 మళ్లీ 1/64, 1/192ల మొత్తం. ప్రతిసారీ మిగిలేది మునుపటి శేషంలో నాలుగవ వంతే కాబట్టి శేషం ఎంత చిన్నదిగానైనా చేయవచ్చును. ఈ శ్రేఢి తెలుగు లెక్కలలో పాతిక, వీసం, కాని అను వరుసయే. పాత నాణేలలో చూస్తే ఇది మరింత స్పష్టం. రూపాయిలో పాతిక నాలుగణాలు, వీసం ఒక అణా, కాని అణాలో పాతిక, అనగా మూడు దమ్మిడీలు. మొత్తం ఐదణాల మూడు దమ్మిడీలు. రూపాయిని ముగ్గురు పంచుకొంటే రావలసినది ఐదణాల నాలుగు దమ్మిడీలు. తగ్గిన ఒక్క దమ్మిడీ రూపాయిలో 1/192. నీలకంఠుని మూడవ శేషం అదే. నాలుగింతల క్రమంలో ఇమడని మూడవ వంతు కోసమే అణాను పన్నెండు దమ్మిడీలుగా విభజించవలసి వచ్చినదా అనిపించేటంత చక్కగా కుదిరినది.

ఆ యుక్తినే పదికి అన్వయిస్తే 1/9 అనగా 1/10, 1/90ల మొత్తం. 1/90 మళ్లీ 1/100, 1/900ల మొత్తం. ఇట్లు 0.111… మొత్తం 1/9. కాబట్టి 0.333… 3/9, అనగా 1/3. తిరిగి వచ్చే అంకె ఒకటైతే ఛేదం 9, రెండైతే 99, మూడైతే 999 అన్న పాఠశాల సూత్రానికి ఉపపత్తి ఇదే. 0.272727…లో రెండేసి స్థానాలను ఒక స్థానంగా భావిస్తే గుణోత్తరం నూరు. 1/100, 1/10000 మొదలైనవాని మొత్తం 1/99. కనుక సంఖ్య 27/99, అపవర్తించగా 3/11.

22/7ను ముగియని దశాంశంగా పూర్తిగా వ్రాస్తే 3.142857142857…. తిరిగి వచ్చే అంకెలు ఆరు. ఆరేసి స్థానాలను ఒక్కటిగా భావిస్తే గుణోత్తరం పది లక్షలు, ఛేదం 999999. 142857/999999ను 142857 చేత అపవర్తిస్తే పైన ఒకటి, క్రింద ఏడు. భాగానుబంధ విధిని మూడును ఏడు చేత గుణించి ఒకటి కలిపితే భాస్కరుని 22/7 మార్పు లేకుండా తిరిగి వస్తున్నది.